నడుస్తూ నడుస్తూ ఆగిపోయే ట్రాక్టరు



తొలకరి పడింది, పదును ఆరిపోకముందే దున్నాలని తెల్లవారకుండానే ట్రాక్టరు తోలుకొని పొలానికి వెళ్ళారు. అరగంటసేపు చక్కగా దున్నింది. తరువాత బలం తగ్గి, దగ్గి, ఆగిపోయింది. కాసేపు గట్టుమీద కూర్చొని మళ్ళీ స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్లు నడిచింది. ఇంకో అరగంటకు మళ్ళీ అదే వరస. మెకానిక్కు వచ్చేసరికి మాత్రం శుభ్రంగా నడుస్తూ ఉంటుంది. వైద్యుడు వచ్చేసరికి దిగిపోయే జ్వరంలాంటిది ఈ జబ్బు.

పాత డీజిలు ట్రాక్టర్లలో ఇటువంటప్పుడు చాలామంది ముందుగా ఇంజెక్షను పంపునే విప్పిస్తారు. అది తొందరపాటు. ఆ పంపు బహు సున్నితమైనది. విప్పితే మళ్ళీ పరీక్ష యంత్రంమీద పెట్టి సరిచేయించాలి. డబ్బూ పోతుంది, అదునూ పోతుంది. జబ్బు చాలాసార్లు అంతకంటే ముందే ఉంటుంది.

డీజిలు నడిచే దారి తెలుసుకోండి. టాంకీనుంచి గొట్టంద్వారా ఫీడు పంపుకు వస్తుంది. ఇది ఇంజను పక్కనుండే చిన్న పంపు. చాలా పాత బండ్లలో దీని లోపల డయాఫ్రం అనే పలుచని పొర ఆడుతూ, డీజిలును పీల్చి ఫిల్టర్లకు తోస్తుంది. అక్కడినుంచే ఇంజెక్షను పంపుకు చేరుతుంది.

ఇక పరీక్ష ఎప్పుడు చేయాలంటారా? బండి ఆగిన క్షణంలోనే. చల్లారనిస్తే దొంగ తప్పించుకుంటాడు. నాగలి కిందికి దించి, బ్రేకు వేసి, వరసగా ఇవి చూడండి. దగ్గర బీడీ, చుట్ట ఉండకూడదు.

మొదట టాంకీ మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్టయితే, మూతలోని సన్నని రంధ్రం దుమ్ముతో పూడుకున్నదన్నమాట. గాలి చొరబడకపోతే డీజిలు దిగదు. ఆ రంధ్రం శుభ్రం చేస్తే చాలు.

రెండవది, ఫీడు పంపులోకి వచ్చే గొట్టం వదులుచేయండి. టాంకీ ఎత్తున ఉంటే డీజిలు ధారగా రావాలి. సన్నగా వస్తే టాంకీ అడుగున చెత్త ఉన్నది. నడిచేటప్పుడు ఆ చెత్త పీల్పుకు వచ్చి మూతికి అడ్డుపడుతుంది, ఆగగానే తొలగిపోతుంది. జబ్బు వచ్చిపోతూ ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

మూడవది, ఆ గొట్టం బిగించి, పంపునుంచి బయటికి పోయే గొట్టం విప్పి చేతి మీట ఆడించండి. ప్రతి పోటుకూ డీజిలు బలంగా చిమ్మాలి. మీట వదులుగా ఆడితే పంపు చెడిందని అప్పుడే అనుకోకండి. ఇంజనును కొంచెం తిప్పి మళ్ళీ చూడండి. అప్పటికీ చిమ్మకపోతే డయాఫ్రంగాని, వాల్వులుగాని పాడయినట్లు. బుడగలు వస్తుంటే పీల్చే గొట్టం బిగింపులలో ఎక్కడో గాలి చొరబడుతున్నది. అక్కడ డీజిలు కారకపోయినా గాలి దూరవచ్చు. వాషర్లు మార్చండి.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. ఇంజను ఆయిలు కొలపుల్ల తీసి చూడండి. పోయకుండానే ఆయిలు మట్టం పెరిగి, డీజిలు వాసన వస్తే, డయాఫ్రం చిరిగి డీజిలు ఆయిలులో కలుస్తూ ఉండవచ్చు. ఆ బండిని ఇక ఒక్క చాలు కూడా దున్నించకండి. పలచబడిన ఆయిలుతో బేరింగులు అరిగిపోతాయి. చిన్న పొరతో పోయేది ఇంజనుదాకా వస్తుంది. కారణం తేల్చి సరిచేసి, ఆయిలు మార్చిన తరువాతనే నడపాలి.

గొట్టాలు విప్పిన తరువాత గాలి తీయడం మరవవద్దు. ఫిల్టరుమీది స్క్రూ వదులుచేసి, బుడగలు లేని డీజిలు వచ్చేదాకా మీట ఆడించి బిగించండి. నాజిలు చిమ్మే డీజిలుకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ పోటు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది.

ఇవన్నీ బాగుండి, ఫిల్టర్లు కూడా మార్చాక జబ్బు పోకపోతే, అప్పుడు ఇంజెక్షను పంపు సంగతి చూడండి. మెకానిక్కుతో మీరు చూసినవన్నీ వరసగా చెప్పండి. అతనికి సగం పని తగ్గుతుంది, మీకు అదును దక్కుతుంది.