రంగస్థలంపై ఆకాశగమనం: అల్పవ్యయ ప్రదర్శన మార్గాలు

వ్యాస సంగ్రహం:
పౌరాణిక నాటకాల్లో పాత్రలు ఆకాశంలో సంచరించే ఘట్టాలు అనేకం. తీగలతో నటుణ్ణి పైకెత్తే ఏర్పాటు లేని కళాశాల బృందాలు వాటిని తొలగించడమో, ప్రమాదకరమైన ప్రయత్నాలు చేయడమో జరుగుతోంది. అభిజ్ఞానశాకుంతలం సప్తమాంకం ఆధారంగా, నటుడు నేలను విడవకుండానే ఆకాశగమన భావనను కలిగించే మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఆకాశగమనం, నాట్యధర్మి, శాకుంతలం, సురభి, తోలుబొమ్మలాట.

1. ఉపోద్ఘాతం:
రంగస్థలంపై ఎగిరే పాత్ర అనగానే తెలుగు ప్రేక్షకునికి సురభి నాటకాలు గుర్తుకు వస్తాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన ఈ కుటుంబ నాటక సంప్రదాయం, మాయాబజార్ వంటి నాటకాల్లోని రంగస్థల మాయలతో ప్రసిద్ధి పొందింది. ఆ నైపుణ్యం తరతరాల అభ్యాసఫలం. సభామందిరం పైకప్పు కొక్కేనికి తాడు కట్టి విద్యార్థిని వేలాడదీయడం దానికి అనుకరణ కాజాలదు. ఊగే శరీరం తాడుపై కలిగించే లాగుడు దాని నిలకడ బరువును మించుతుంది. ఫ్యాను కోసం బిగించిన కొక్కెం దాన్ని భరిస్తుందన్న భరోసా లేదు.

2. సప్తమాంకం చూపిన దారి:
ఇంద్రలోకం నుంచి దుష్యంతుడు మాతలితో కలిసి రథంపై దిగివస్తాడు. పర్వతశిఖరాల నుంచి నేల కిందికి జారుతున్నట్లు, ఆకుల్లో కలిసిపోయిన చెట్ల మొదళ్లు బయటపడుతున్నట్లు, కనబడకుండా పోయిన నదులు విస్తరిస్తున్నట్లు ఆయనకు తోస్తుంది. రథం నేలకు చేరినప్పుడు చక్రాల చప్పుడు లేదు, దుమ్ము లేవలేదు. దిగిన సంగతే తెలియలేదంటాడు. ఇంద్రుని రథానికీ రాజు రథానికీ ఉన్న భేదం అదేనని మాతలి సమాధానం.

రంగస్థలంపై ఆ చప్పుడు, ఆ దుమ్ము ఎలాగూ ఉండవు. ఆ లేమినే కాళిదాసు దివ్యరథ లక్షణంగా మలిచాడు. నాట్యశాస్త్రం గతిప్రచారాధ్యాయంలో రథం, విమానం మొదలైన వాటిలో ఉన్నవారి గతులను విడిగా చెప్పింది. వాహనం లేకున్నా గతితో దాన్ని స్ఫురింపజేయడం నాట్యధర్మి. అంటే ఎత్తు అనే భావన నటుని స్థానం నుంచి మాత్రమే కాక, అతని చూపు నుంచి, పరిసరాల మార్పు నుంచి కూడా పుడుతుంది.

3. ప్రదర్శన మార్గాలు:
3.1 గతి, దృష్టి: ఇద్దరు నటులూ ఒకే లయలో స్వల్పంగా ఊగుతూ, ఒకే బిందువును కిందికి చూడాలి. చూపులు వేరైతే భ్రాంతి చెదురుతుంది.

3.2 కదిలే తెర: కొండలు, చెట్లు చిత్రించిన పొడవాటి గుడ్డను రెండు వెదురు బొంగులకు చుట్టి నటుల వెనుక అమర్చాలి. దృశ్యం పైకి కదిలితే నటుడు దిగుతున్నట్లు, కిందికి కదిలితే ఎగురుతున్నట్లు కనిపిస్తుంది.

3.3 నీడ: తెల్లని గుడ్డ వెనుక నేలపై ఒకే ఎల్‌ఈడీ దీపం ఉంచాలి. నటుడు తెర దగ్గర నుంచి దీపం వైపు నడిస్తే నీడ పెరుగుతుంది. దీపాన్ని దాటి అవతలికి అడుగు వేస్తే నీడ పైకి లేచి తెర నుంచి మాయమవుతుంది. రెండు దీపాలుంటే నీడలూ రెండవుతాయి.

3.4 బొమ్మ: దూరంలోని ఆకాశగమనానికి తోలుబొమ్మ చాలు. బొమ్మ ఏ వైపు కనుమరుగైందో, అదే రంగు దుస్తుల్లో నటుడు ఆ వైపు నుంచే ప్రవేశించాలి.

4. ఉపసంహారం:
ఒక ఘట్టానికి వీటిలో ఒకటి, రెండు మార్గాలు చాలు. సప్తమాంకానికి మొదటి రెండూ సహజంగా అమరుతాయి. విద్యార్థులతో ఈ ఘట్టాన్ని అభ్యాసం చేయించినప్పుడు ఒక విషయం స్పష్టమైంది. తెరను ఎంత వేగంగా, ఏ క్రమంలో కదపాలన్న ప్రశ్నకు సమాధానం శ్లోకంలోనే దొరికింది: ముందు శిఖరాలు, తరువాత చెట్లు, ఆపై నదులు. తరగతి గదిలో మనం వర్ణనలుగా మాత్రమే బోధించే ఈ శ్లోకాలు రంగసూచనలు కూడా. ఘట్టాన్ని తొలగిస్తే విద్యార్థి కోల్పోయేది ఒక దృశ్యాన్నే కాదు, నాటకాన్ని నాటకంగా చదివే అవకాశాన్ని.