ట్యూనిస్ వాకిట ఒంటరి ముసాఫిర్

హిజ్రీ 725 రజబ్ నెల రెండవ తేదీన, అంటే క్రీ.శ. 1325 జూన్‌లో, మొరాకో ఉత్తర తీరాన ఉన్న టాంజియర్ పట్టణం నుండి ఒక యువకుడు హజ్జ్ సంకల్పంతో బయలుదేరాడు. చాంద్రమానం ప్రకారం అతని వయస్సు 22 ఏళ్ళు. ఖాజీల వంశంలో పుట్టినవాడు. కబుర్లు చెప్పుకోవడానికి నేస్తం లేడు, కలిసి నడవడానికి బిడారు లేదు. తల్లిదండ్రులు ఇద్దరూ సజీవంగా ఉన్నారు. వారిని విడిచి వెళ్తూ అతడు పడిన బాధ, వారు పడిన బాధ ఏళ్ళు గడిచాక కూడా చల్లారలేదు. ఆ యువకుడే ఇబ్నె బతూతా.

చైనా వరకు వెళ్ళిన మహా యాత్రికునిగా ఆయనను అందరూ తలచుకుంటారు. మేము మాత్రం ఆయన తొలి మూడు నెలల ప్రయాణాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతుంటాము. కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్‌ల నుండి మొదటిసారి గల్ఫ్ విమానం ఎక్కే మన బిడ్డల ముఖాలు ఆ పుటలలో మాకు కనిపిస్తాయి.

ఒంటరి ప్రయాణాన్ని దైవప్రవక్త (సఅసం) ఇష్టపడలేదు. ముగ్గురు కలిసి బయలుదేరితే ఒకరిని నాయకునిగా ఎన్నుకోమన్నారు. ఇబ్నె బతూతాకు ఈ సంగతి తెలియనిది కాదు. త్లెమ్‌సెన్ నగరం చేరగానే, ట్యూనిస్ సుల్తాను దూతలు ఇద్దరు తిరుగు ప్రయాణమయ్యారని విన్నారు. వారిని కలుసుకొమ్మని కొందరు సలహా ఇచ్చారు. ఆయన ఇస్తిఖారా చేశారు, మూడు రాత్రులు ఆగి అవసరాలు చూసుకున్నారు, ఆ తరువాత వేగంగా వెళ్ళి మిల్యానాలో వారిని అందుకున్నారు. అది మండు వేసవి. దూతలిద్దరూ జబ్బుపడ్డారు. వారిలో ఖాజీగారు మిల్యానా దాటీ దాటకముందే కన్నుమూశారు. తండ్రి భౌతికకాయంతో కుమారుడు వెనుదిరిగాడు. తోడు దొరికిందనుకున్నవాడు మళ్ళీ కొత్తవారిని వెదుక్కోవలసి వచ్చింది. ఈసారి ట్యూనిస్ వర్తకులు దొరికారు.

బిజాయాలో జరిగిన సంగతి ఒకటి ప్రతి కుటుంబమూ వినదగినది. తోటి వర్తకుడొకడు మరణిస్తూ, తన 3,000 బంగారు దీనార్లను వారసులకు చేర్చమని ఒక నమ్మకస్థునికి అప్పగించాడు. ఆ కబురు బిజాయా పాలకుని చెవిన పడింది. సొమ్మంతా లాక్కున్నాడు. పాలకుల దౌర్జన్యాన్ని తాను కళ్ళారా చూడడం అదే మొదటిసారి అని ఇబ్నె బతూతా చెప్పుకున్నారు. వ్రాతకోతలు అటువంటివాణ్ణి ఆపగలిగేవని మేము అనము. అయినా ప్రయాణంలో మరణం సమీపిస్తే ఇద్దరు న్యాయశీలురైన సాక్షుల ఎదుట వీలునామా చేయాలని మాయిదా సూరాలో దైవాజ్ఞ ఉంది కదా! మనవాళ్ళలో ఎంతమంది తాము తీర్చవలసిన అప్పు ఎంతో, తమకు రావలసినది ఎంతో ఒక కాగితం మీద వ్రాసి ఇంట్లో ఉంచి వెళ్తున్నారు? ఉద్యోగ ఒప్పందం నకలు, పాస్‌పోర్టు నకలు, ఏజెంటు చిరునామా, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబరు ఎన్ని ఇళ్ళలో భద్రంగా ఉన్నాయి? విమానాశ్రయానికి బయలుదేరేముందు దండచేతికి ఇమామ్ జామిన్ కట్టడం మాత్రం మరువము. దానికి షరీఅత్‌లో ఆధారం లేదు.

ఆ బిజాయాలోనే ఆయనకు జ్వరం తగిలింది. మిగిలిన దూత షేఖ్ జుబైదీ, నయమయ్యేవరకు ఆగమన్నారు. చావు రాసిపెట్టి ఉంటే హిజాజ్ వైపు నడుస్తూనే రానిమ్మని ఆయన పట్టుబట్టారు. ఆ తపన మమ్మల్ని కదిలిస్తుంది. కానీ ఆ నిర్ణయాన్ని మేము మెచ్చుకోలేము. రోగికీ ప్రయాణికునికీ ఉపవాసంలో సడలింపు ఇచ్చిన ధర్మం మనది. షేఖ్ వాదించలేదు. సవారీ జంతువునూ బరువైన సామానునూ అమ్మివేయమన్నారు, తన జంతువునూ గుడారాన్నీ ఎరువిస్తానన్నారు. దారిలో దోపిడీ భయం ఉంది, తేలికగా ఉంటేనే త్వరగా సాగగలరు. పెద్దరికమంటే అది!

ఖుసన్‌తీనా నగరం వెలుపల రాత్రి కుండపోత వాన కురిసింది. తెల్లవారాక ఆ నగర పాలకుడు ఆయన దుస్తుల మీద మరకలు చూశాడు. వాటిని ఉతికించాడు, చిరిగిన పై వస్త్రానికి బదులు బాల్‌బెక్ వస్త్రం ఇచ్చాడు. దాని అంచున రెండు బంగారు దీనార్లు ముడివేసి ఉన్నాయి. ఆ దారిలో ఆయనకు అందిన తొలి సాయం అదే. బిజాయా పాలకుణ్ణీ ఈయననూ కొద్ది రోజుల తేడాతో చూడడం వల్ల కాబోలు, పరాయి ఊరివారందరినీ ఒకే గాటన కట్టే అలవాటు ఆయన రచనలో తక్కువ.

జ్వరం తిరగబెట్టింది. పడిపోతానేమోనన్న భయంతో తలపాగా గుడ్డతో తనను తాను జీనుకు కట్టుకొని ప్రయాణించారు. దోపిడీదారుల భయంతో మధ్యలో దిగే వీలు లేదు. ఆ స్థితిలో ట్యూనిస్ చేరారు. నగర ప్రజలు ఎదురు వచ్చారు. షేఖ్‌గారికి సలాము, ఖాజీగారి కుమారునికి సలాము, ఆలింగనాలు, కుశల ప్రశ్నలు. ఈయనను ఎరిగినవారు ఒక్కరూ లేరు, పలకరించినవారూ లేరు. అంత జ్వరానికి చలించనివాడు అక్కడ వెక్కి వెక్కి ఏడ్చారు. అది గమనించిన ఒక హజ్జ్ యాత్రికుడు దగ్గరకు వచ్చి సలాము చెప్పాడు, ఆప్యాయంగా మాట్లాడాడు, నగరంలో ప్రవేశించేవరకు విడువలేదు.

మన మస్జిదులలో జుమా నాడు చివరి వరుసలో కొత్త ముఖాలు కనిపిస్తుంటాయి. కట్టడాల పనికి బీహారు నుండి, బెంగాలు నుండి వచ్చిన కుర్రవాళ్ళు. నమాజు ముగియగానే మనం మనకు తెలిసినవారి వైపే తిరుగుతాము. దుబాయిలో మన బిడ్డను ఎవరైనా పలకరించాలని దుఆ చేస్తూనే, మన వీధిలో ఇంకొకరి బిడ్డను దాటి వెళ్ళిపోతాము.

ఈద్ పండుగ ఆయనకు ట్యూనిస్‌లోనే జరిగింది. ఆ తరువాత అక్కడి నుండి హజ్జ్ బిడారు కదిలినప్పుడు ఈ ఒంటరి యువకుణ్ణే దానికి ఖాజీగా నియమించారు.

ఆ పిమ్మట 24 ఏళ్ళు ఆయన ఇల్లు చేరలేదు. తండ్రి 15 ఏళ్ళ క్రితమే మరణించారన్న వార్త డమాస్కస్‌లో తెలిసింది. 1349లో స్వదేశంలో అడుగుపెట్టాక, తల్లి మహమ్మారికి బలైందని తాజా పట్టణంలో చెప్పారు. ఆమె పోయి ఎంతో కాలం కాలేదు. ఆయన టాంజియర్ వెళ్ళి తల్లి సమాధిని దర్శించారు.