లింఫు గ్రంథులను ముందుగానే తీసివేయవలెనా?

కాలేయములో తయారగు పైత్యరసము సన్నని నాళముల గుండా ప్రవహించి, ఒక పెద్ద నాళము ద్వారా చిన్నప్రేవును చేరును. ఈ నాళముల లోపలి పొరలో పుట్టు కాన్సరు అరుదైనది, కాని మహా మొండిది. పెద్ద నాళము మూసికొనిపోయినచో కామెర్లు వచ్చి రోగిని హెచ్చరించును. కాలేయము లోపలి చిన్న నాళములలో పుట్టినదానికి తరచు ఆ హెచ్చరికయు ఉండదు. సకాలములో కోసి తీసివేయుట తప్ప నయము చేయు మార్గము దాదాపు లేదు.

అయితే ఎంతవరకు కోయవలెను? కాలికి పుండు లేచినపుడు గజ్జలలో బిళ్ళ కట్టుట అందరెరిగినదే. ఆ బిళ్ళ ఉబ్బిన లింఫు గ్రంథియే. లింఫు అను ద్రవమును కొనిపోవు నాళముల దారిలో ఇట్టి గ్రంథులు శరీరమంతటను ఉన్నవి. కాన్సరు కణములు పుట్టినచోటు విడిచి ఈ దారినే పోయి వాటిలో మకాము పెట్టును. కాలేయములోని లింఫు చాలవరకు పెద్ద పైత్యరస నాళము చుట్టునున్న గ్రంథులకు పోవును. ఎడమభాగమునుండి కొంత జీర్ణకోశపు అంచు వెంబడి గ్రంథులను చేరును.

చిక్కంతయు ఉబ్బని గ్రంథులతోనే. స్కాను చిత్రములో మామూలుగా కనబడు గ్రంథిలోను కాన్సరు కణములు దాగియుండవచ్చును. సూక్ష్మదర్శిని క్రింద పెట్టినగాని తెలియదు. అందుచేత పలువురు శస్త్రవైద్యులు అనుమానము లేకున్నను వాటిని తీసివేయుదురు. 2018 నుండి అమలులోనికి వచ్చిన అమెరికను వర్గీకరణ 8వ కూర్పు, కాలేయములోపలి నాళముల కాన్సరులో కనీసము 6 గ్రంథులను పరీక్షింపవలెనని సూచించినది.

ఇంతకును, తీసినందువలన రోగి ఎక్కువకాలము జీవించునా? రొమ్ము కాన్సరు విషయమున ఇట్టి వాదమే నడచినది. 1971లో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందము, చంకలో బిళ్ళలు తగలని స్త్రీలలో కొందరికి గ్రంథులను తీసి, కొందరికి తీయక పరీక్షింప నారంభించినది. తీసినవారిలో నూటికి సుమారు 40 మందికి గ్రంథులలో కాన్సరు ఉండెను. తీయనివారిలోను ఇంచుమించు అంతమందికి ఉండియుండవలెను గదా! కాని గ్రంథులను ముట్టక, రేడియో కిరణములును ఇయ్యక విడిచినవారిలో తరువాత నూటికి 20 మందికి లోపుగానే అది బయటపడినది. 25 ఏండ్లు గడచినను ఆయుర్దాయములో చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

రొమ్ము వేరు, కాలేయము వేరు. ఒకదాని తీర్పు మరొకదానికి చెల్లదు. పైత్యరస నాళముల కాన్సరులో పాత రోగుల రికార్డులను పోల్చిన పరిశోధనలు కొన్ని మేలనియు, కొన్ని భేదము లేదనియు చెప్పినవి. అసలు అనుమానమున్న రోగులకే గ్రంథులను ఎక్కువగా తీయుదురు కనుక, ఇట్టి పోలికలను పూర్తిగా నమ్మరాదు. నిశ్చయముగా దక్కునది సమాచారము: గ్రంథిలో కాన్సరు కనబడిన రోగికి వ్యాధి తిరుగబెట్టు భయము హెచ్చు.

ఈ సమాచారము ఉచితముగా రాదు. గ్రంథులు కాలేయమునకు పోవు ధమనిని, సిరను అంటిపెట్టుకొని ఉండును. గాయమైనచో రక్తస్రావము; తెగిన నాళములనుండి లింఫు కారుటయు కలదు. కాలేయము ముందే గట్టిపడిన రోగికి పొట్టలో నీరు చేరి, గాయము మానుటయే కష్టము కావచ్చును. అట్టి రోగిలో అనుమానము లేని గ్రంథుల జోలికి పోవుటకు శస్త్రవైద్యులు వెనుకాడుదురు.