తల విసిరే బొమ్మ

శత్రువు మీదికి ఎవరైనా రాయి విసురుతారు. హెడ్డీ అనే కీలుబొమ్మ తన తలనే విసురుతాడు! జపానులోని ట్రెజర్ సంస్థ 1994లో తయారుచేసిన "డైనమైట్ హెడ్డీ" అనే వీడియో ఆటకు ఇతడే నాయకుడు. సెగా వారి మెగా డ్రైవ్ యంత్రాన్ని టెలివిజనుకు తగిలించి ఈ ఆట ఆడేవారు.

బొమ్మల లోకం మీదికి ఒక దుష్టరాజు దండెత్తుతాడు. హెడ్డీ గట్టు మీంచి గట్టుకు దూకుతూ, ఎనిమిది దిక్కులకూ తల విసురుతూ పోరాడతాడు. రంగమంతా నాటకశాలలా తెరలతో అలంకరించి ఉంటుంది.

దారిలో ఒక పెట్టె. దాని మీద రకరకాల తలల బొమ్మలు గబగబా మారిపోతుంటాయి. అదను చూసి కొడితే సుత్తి తల రావచ్చు. నిద్ర తల వస్తే హెడ్డీ కునుకు తీసి బలం పుంజుకుంటాడు. తొందరపడితే మాత్రం చెడ్డ తల మెడకెక్కుతుంది!

బొమ్మకు ఎన్ని తలలుంటేనేం? ఏది ఎప్పుడు కావాలో ఆలోచించవలసింది ఆడేవాడి తలే కదా!