బడిలో పాఠం... వంటింట్లో పరీక్ష!

చీపురుపల్లి... పేరులోనే చీపురున్న ఊరు! అక్కడుంటూ చెత్త సంగతి పిల్లల చేత చెప్పించుకోవాలా అంటారా? చెప్పించుకుంటే తప్పేంలేదండీ.

పర్యావరణం తప్పనిసరి పాఠంగా ఉండాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. 2001-02లో కేంద్రం జాతీయ హరిత దళం పథకం కింద బళ్ళలో ఎకో క్లబ్బులు పెట్టించింది. తడిచెత్త, పొడిచెత్త వేరు చెయ్యాలని పిల్లాడు బళ్ళో నేర్చుకొస్తాడు. తీరా ఇంట్లో మనం కూరగాయల తొక్కలు, వాడి పాత నోటుబుక్కులు ఒకే కవర్లో కట్టి వీధి చివర పారేస్తే? తడిసి జిడ్డంటిన కాగితం మళ్ళీ కాగితం కావడం కష్టం. ఆ కవరు ఏ ఆవు కడుపులోకో పోతుంది. పాఠం కాస్తా వృథా!

అందుకే ఈ వారం ఇలా చేసి చూడండి. పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలతో రఫ్ పుస్తకం కుట్టండి. రాసేసినవి తడవకుండా కట్టగట్టి పాత పేపర్లవాడికివ్వండి. ఆ డబ్బులు పిల్లల చేతిలోనే పెట్టండి. తొక్కలు అడుగున చిల్లులున్న పాత కుండలో వేసి, పైన మట్టి, ఎండుటాకులు చల్లుతూ, వారానికోసారి కలపండి. రెండు మూడు నెలల్లో కరివేపాకు మొక్కకి మంచి ఎరువు తయార్!

ఈసారి బడికి వెళ్ళినప్పుడు పిల్లాడి మార్కులు అడిగి వచ్చెయ్యకండి. బళ్ళో చిత్తుకాగితాలు ఏం చేస్తున్నారో కూడా టీచరుగారిని అడగండి!