పడవ కిటికీపై చెమ్మ

పాఠ్యాంశ ఉద్దేశం

నిత్యజీవితంలో ఎదురయ్యే ఒక చిన్న సమస్య వెనుక ఉన్న శాస్త్ర సూత్రాలను గ్రహించి, వాటి ఆధారంగా పరిష్కారాన్ని అన్వేషించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వేసవికాలంలో మంచుముక్కలు వేసిన నీటిని స్టీలు గ్లాసులో పోసి బల్లపై ఉంచితే, కొద్ది నిమిషాలలోనే గ్లాసు వెలుపలి వైపు చెమ్మ కమ్ముతుంది. తరువాత ఆ చెమ్మ బిందువులుగా మారి బల్లపైకి జారుతుంది. గ్లాసుకు చిల్లు లేదు; లోపలి నీరు వెలుపలికి ఊరలేదు. మరి ఆ నీరు ఎక్కడిది? గాలిలో కంటికి కనిపించకుండా ఉన్న నీటి ఆవిరే చల్లని లోహాన్ని తాకి నీరుగా మారింది. ఈ మార్పునే సాంద్రీకరణం అంటారు. మనకు ఇది క్షణకాలపు వినోదం మాత్రమే. కాని చలిదేశాలలో పడవలనే ఇళ్లుగా చేసుకొని జీవించే వారికి ఇది శీతకాలమంతా వెంటాడే సమస్య. ఒక్కొక్కసారి ప్రాణాల మీదికి తెచ్చే సమస్య కూడా.

ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్ది ఉత్తరార్ధంలో సరుకుల రవాణా కోసం కాలువలను విస్తారంగా తవ్వారు. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు రూపకల్పన చేసిన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ ఆయన మరణానంతరం 1777లో పూర్తయింది. ధవళేశ్వరం వద్ద గోదావరి కాలువలపై మనం చూసే లాకుల వంటివే అక్కడా ఉన్నాయి. అయితే పలుచోట్ల వాటి వెడల్పు సుమారు 7 అడుగులే. ఆ కొలతకు సరిపోయేటట్లు సన్నగా, పొడవుగా నిర్మించిన పడవలకు నేరోబోట్లు అని పేరు. రైళ్లు, లారీలు వచ్చిన తరువాత సరుకుల రవాణా క్షీణించింది. 1944లో టామ్ రోల్ట్ తన పడవ జీవితాన్ని వర్ణిస్తూ ప్రచురించిన గ్రంథం ప్రజల దృష్టిని మళ్లీ ఈ కాలువల వైపు మరల్చింది. నేడు వేలాది మంది ఈ పడవలలో విహరిస్తున్నారు. అనేకులు అందులోనే కాపురం ఉంటున్నారు.

ఇటువంటి పడవను ఉక్కు రేకులతో నిర్మిస్తారు. గది గోడలు, పైకప్పు సాధారణంగా 4 మిల్లీమీటర్ల మందం గల రేకులే. లోపలి వైపు ఉష్ణాన్ని నిరోధించే నురుగు పదార్థాన్ని పూసి, దానిపై చెక్క పలకలు బిగిస్తారు. కాని కిటికీల వద్ద ఈ రక్షణ ఉండదు. అక్కడ ఉండేది ఒంటి గాజుపలక, దాని చుట్టూ అల్యూమినియం చట్రం. అల్యూమినియం గాజుకంటె వంద రెట్లకు పైగా సులభంగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. అందువలన బయటి చలి ముందుగా చట్రానికి, పిదప గాజుకు చేరుతుంది. తెల్లవారేసరికి కిటికీ మొత్తం నీరు కారుతూ ఉంటుంది. ఆ నీరు చెక్కలోకి ఇంకి దానిని కుళ్లింపజేస్తుంది. తెరలకు, పరుపులకు బూజు పట్టిస్తుంది. ఇనుమును తుప్పు పట్టిస్తుంది. బూజు కలిసిన గాలి పీల్చడం ఉబ్బస రోగులకు హానికరం.

ఈ నీటి పుట్టుకను గ్రహించాలంటే గాలి స్వభావాన్ని తెలుసుకోవాలి. గాలిలో ఇమడగల నీటి ఆవిరికి ఒక పరిమితి ఉన్నది. ఆ పరిమితి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఒక ఘనమీటరు స్థలంలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 17 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. 10 డిగ్రీల వద్ద 9 గ్రాములు, సున్నా డిగ్రీల వద్ద దాదాపు 5 గ్రాములు మాత్రమే ఇముడుతాయి. ఇమడగల ఆవిరిలో నిజంగా ఉన్నది ఎంత శాతమో తెలిపేదే సాపేక్ష ఆర్ద్రత. గాలి చల్లబడేకొద్దీ దాని పరిమితి తగ్గుతుంది. ఏ ఉష్ణోగ్రత వద్ద ఉన్న ఆవిరితోనే గాలి పూర్తిగా నిండిపోతుందో, దానిని తుషార స్థానం అంటారు. అంతకంటె చల్లని వస్తువు ఏది తగిలినా దానిపై నీరు చేరక తప్పదు.

పూర్వం మంచుబిందువులు వానవలె ఆకాశం నుండి రాలుతాయని పలువురు నమ్మేవారు. లండన్ నగరంలో వైద్యవృత్తి చేసిన విలియం చార్లెస్ వెల్స్ ఈ విషయాన్ని ప్రయోగాలతో పరిశోధించి 1814లో ఒక గ్రంథం ప్రచురించారు. నిర్మలమైన రాత్రివేళ గడ్డి వంటి వస్తువులు తమ వేడిని ఆకాశంలోకి వెదజల్లి చుట్టూ ఉన్న గాలికంటె చల్లబడతాయనీ, అందువలననే వాటిపై మంచు చేరుతుందనీ ఆయన నిరూపించారు. వస్తువు ముందు చల్లబడుతుంది, నీరు తరువాత చేరుతుంది. గడ్డిపరకకు వర్తించే ఈ నియమమే గాజుపలకకూ వర్తిస్తుంది.

ఇప్పుడు ఒక పడవ గదిని తీసుకొని లెక్క చూద్దాం. లోపలి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 60 శాతం, బయట 5 డిగ్రీలు అనుకొందాం. ఆ గాలి తుషార స్థానం దాదాపు 12 డిగ్రీలు. ఒంటి గాజుపలక లోపలి ముఖం ఉష్ణోగ్రత సుమారు 9 డిగ్రీలు ఉంటుంది. కనుక దానిపై చెమ్మ చేరుతుంది. ఇక గది ఘనపరిమాణాన్ని గమనిద్దాం. ఆ గదిలో 40 ఘనమీటర్ల గాలి ఉంటే, అందులోని మొత్తం ఆవిరి అరలీటరు నీటికి కూడా సమానం కాదు. నిద్రించే ఒక్కొక్క మనిషి శ్వాస ద్వారా, చర్మం ద్వారా రాత్రి మొత్తంలో పావులీటరుకు పైగా నీటిని గాలిలోకి విడుస్తాడు. ఇద్దరు నిద్రిస్తే, గదిలో అప్పటికే ఉన్న ఆవిరికంటె అధికంగా కొత్త ఆవిరి వచ్చి చేరుతుంది. అదే సమయంలో పొయ్యి ఆరిపోయి గది చల్లబడుతుంది. వచ్చేది పెరుగుతున్నది, ఇమిడేది తగ్గుతున్నది. మిగిలిన నీటికి కిటికీ తప్ప వేరే దారి లేదు.

శ్వాస ఒక్కటే దీనికి కారణం కాదు. అన్నం ఉడికినా, స్నానం చేసినా, తడిబట్టలు లోపల ఆరవేసినా ఆవిరి పుడుతుంది. వంటగ్యాసు మండడం వలన కూడా నీరు పుడుతుందన్న విషయం పలువురికి తెలియదు. ప్రొపేన్ వాయువులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది. ఒక కిలో ప్రొపేన్ పూర్తిగా మండితే సుమారు 1.6 కిలోల నీరు వెలువడుతుంది. మండిన ఇంధనం కంటె పుట్టిన నీరే ఎక్కువ! పొగగొట్టం లేని గ్యాసు పొయ్యితో గదిని వెచ్చబరచుకోవాలనుకొనేవారు, ఒక చేత్తో వేడిని, మరొక చేత్తో తడిని లోపలికి తెచ్చుకొంటున్నారన్నమాట. పొగగొట్టం గల బొగ్గు పొయ్యి ఇందుకు భిన్నం. అది తన ఆవిరిని బయటికి పంపి, గదిలోని తడిగాలిని కూడా కొంత వెంట తీసుకొనిపోతుంది.

కారణాలు తెలిశాయి కనుక నివారణ మార్గాలను పరిశీలిద్దాం. మొదటిది ఆవిరి పుట్టుకను తగ్గించడం. వండే గిన్నెపై మూత ఉంచడం, స్నానం ముగియగానే గోడలను తుడిచివేయడం, బట్టలు బయట ఆరవేయడం ఖర్చు లేని పద్ధతులు.

రెండవది, అన్నింటికంటె ముఖ్యమైనది, గాలి రాకపోకలు. బయట చలి, వాన ఉన్నప్పుడు ఆ గాలిని లోపలికి రానిస్తే తడి పెరుగుతుందని తోచడం సహజం. వాస్తవం దానికి విరుద్ధం. 5 డిగ్రీల వద్ద 90 శాతం ఆర్ద్రత గల గాలిలో ఘనమీటరుకు సుమారు 6 గ్రాముల ఆవిరి మాత్రమే ఉంటుంది. అదే గాలి లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే దాని సాపేక్ష ఆర్ద్రత 35 శాతానికి పడిపోతుంది. అంటే బయట తడిగా కనిపించిన గాలి లోపల ఎండుగాలి అవుతుంది. అందుకే నేరోబోట్ల పైకప్పు మీద గొడుగు ఆకారపు గాలిగొట్టాలను, తలుపుల అడుగున రంధ్రాలను అమరుస్తారు. చల్లని గాలి కింది నుండి ప్రవేశిస్తుంది. వెచ్చని తడిగాలి తేలికై పైనుండి వెలుపలికి పోతుంది.

మూడవది గాజు లోపలి ముఖాన్ని వెచ్చగా ఉంచడం. రెండు గాజుపలకల మధ్య గాలిపొరను బంధించిన జంటపలకల కిటికీని అమరిస్తే, పైన చెప్పిన ఉదాహరణలో లోపలి పలక ఉష్ణోగ్రత 14 డిగ్రీలు దాటుతుంది. తుషార స్థానం 12 డిగ్రీలే కనుక నీరు చేరదు. అంత వ్యయం భరించలేని వారు పారదర్శకమైన ప్లాస్టిక్ పలకను అయస్కాంతపు పట్టీలతో కిటికీ లోపలి వైపు అతికిస్తారు. కదలని గాలిపొరే ఇక్కడ కంబళి. అయితే ఆ పలక అంచులు ఖాళీ లేకుండా అతుక్కోవాలి. లేకపోతే తడిగాలి వెనుకకు చేరి అక్కడే నీరవుతుంది. దట్టమైన తెరలు వేలాడదీసినప్పుడు జరిగేది ఇదే. తెర గది వేడిని గాజుకు చేరనీయదు, ఆవిరిని మాత్రం ఆపలేదు. అందుచేత తెర వెనుక కిటికీ మరింతగా తడుస్తుంది. పరుపు కింద చెక్కబల్ల నిండుగా ఉన్నా ఇదే చిక్కు. అందుకే పట్టీల మధ్య సందులుండే మంచం మేలు.

నాలుగవది చేరిన నీటిని తొలగించడం. ఉదయమే గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పడవ వెలుపల పిండాలి. లోపలే ఆరవేస్తే ఆ నీరు మళ్లీ గాలిలోకే చేరుతుంది. గాలిలోని తేమను పీల్చే యంత్రాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒక రకం, చల్లని లోహపు గొట్టంపై ఆవిరిని నీరుగా మార్చి పాత్రలో పడవేస్తుంది. కిటికీ చేసే పనినే అది మనకు అనువైన చోట చేస్తుంది. ముల్లును ముల్లుతోనే తీయడమంటే ఇదే. గది బాగా చల్లగా ఉంటే దీని శక్తి సన్నగిల్లుతుంది. కాల్షియం క్లోరైడ్ స్ఫటికాలు కూడా తేమను పీల్చుకొంటాయి గాని, వాటి సామర్థ్యం పరిమితం.

ఇంత చెప్పుకొన్నా ఒక హెచ్చరిక మిగిలి ఉన్నది. చలికి ఓర్వలేక కొందరు గాలి రంధ్రాలను గుడ్డలతో, కాగితాలతో మూసివేస్తారు. దానివలన రెండు కీడులు కలుగుతాయి. కిటికీపై నీరు పెరగడం వాటిలో చిన్నది. పొయ్యికి చాలినంత గాలి అందక ఇంధనం అసంపూర్ణంగా మండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడటం పెద్దది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటె దీనితో రెండువందల రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. తలనొప్పి, వికారం, మగతతో మొదలై నిద్రలోనే ప్రాణం పోవచ్చు. ఈ ప్రమాదం దృష్ట్యానే బ్రిటన్‌లోని పడవ భద్రతా పథకం, నివాసపు గదులున్న పడవలలో ఈ వాయువును పసిగట్టి మోగే పరికరాన్ని 2019 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి చేసింది. కిటికీపై చెమ్మ ఒక విధంగా మనకు మేలే చేస్తున్నది. గదిలో గాలి మారడం లేదని కంటికి కనిపించేటట్లు చెప్పే సాక్షి అది. చెమ్మ లేనంత మాత్రాన ప్రమాదం లేదని మాత్రం భావించరాదు.

కిటికీ వద్ద కనిపించే ప్రతి నీటిచుక్కా సాంద్రీకరణం వలన కలిగినది కాకపోవచ్చు. వాన కురిసినప్పుడే, ఒకే మూల నుండి నీరు వస్తే అది చట్రంలోని లోపం. వాన లేని చలిరాత్రి గడిచాక అన్ని కిటికీలూ తడిస్తే అది సాంద్రీకరణం. ఈ భేదం తెలియక, గాలి మార్చవలసిన చోట పగుళ్లు పూడుస్తూ కూర్చుంటే శ్రమ వృథా.

మన కోస్తా ప్రాంతంలో ఇదే నియమం తారుమారుగా కనిపిస్తుంది. ఉక్కపోత రోజున చల్లని ఎ.సి. బస్సు ఆగినప్పుడు, దాని అద్దాలకు బయటివైపు చెమ్మ పడుతుంది. వెచ్చని తడిగాలి ఇక్కడ వెలుపల ఉన్నది. గాజు లోపలినుండి చల్లబడింది. నీరు ఎల్లప్పుడూ వెచ్చని తడిగాలి ఉన్న వైపే చేరుతుంది. ఈ ఒక్క సూత్రం తెలిసినవాడు ఇంగ్లండు కాలువలోని పడవనైనా, విశాఖపట్నం వీధిలోని బస్సునైనా చూసి, తడి ఏ వైపు పడుతుందో, ఎందుకు పడుతుందో చెప్పగలడు. కారణాన్ని తెలుసుకొన్న తరువాత చేసే పని చిన్నదైనా ఫలిస్తుంది. కారణం తెలియక మూసిన రంధ్రం, చలిని ఆపినట్లే కనిపించి, ప్రాణవాయువునే ఆపుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

సాంద్రీకరణం : ఆవిరి నీరుగా మారడం
తుషారం : మంచు
ఆర్ద్రత : తడి, తేమ
నివారణ : తొలగించడం, రాకుండా చేయడం
పారదర్శకం : అవతలి వస్తువు కనిపించేటట్లు ఉండేది
వ్యయం : ఖర్చు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పడవ కిటికీలపై నీరు చేరడానికి గల కారణాలను వివరించండి.
2. కిటికీలపై చెమ్మను నివారించే నాలుగు మార్గాలను పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. తుషార స్థానం అనగానేమి?
2. చలికాలపు బయటి గాలి లోపలికి వచ్చి ఎండుగాలిగా ఎట్లా మారుతుంది?
3. గాలి రంధ్రాలను మూసివేయడం వలన కలిగే కీడులను తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ ఎప్పుడు పూర్తయింది?
2. మంచు ఆకాశం నుండి రాలదని నిరూపించిన వైద్యుడెవరు?
3. ఒక కిలో ప్రొపేన్ మండితే ఎంత నీరు వెలువడుతుంది?

ఈ) సంధులు విడదీసి, పేర్లు రాయండి
1. ఉత్తరార్ధం
2. మరణానంతరం
3. ఉష్ణోగ్రత