నేలలోని లోహాలకు నత్త సాక్ష్యం

భూమి రైతుకు జీవనాధారం, బ్యాంకుకు హామీ. విస్తీర్ణం, నీటి వసతి, రోడ్డు దూరం చూసి దాని విలువ కట్టడం పరిపాటి. కర్మాగారాల చేరువలోని భూమి విషయంలో మరొక ప్రశ్న కూడా వేసుకోవలసి ఉన్నది. ఆ మట్టిలో చేరిన లోహాలు పంటలోనికి, పశువులోనికి ఎంతవరకు ప్రవేశిస్తున్నవి?

డిండోలి పరిసరాలు

సూరత్ నగర ఆగ్నేయ భాగంలోని డిండోలి మన పాఠకులలో పలువురికి తెలిసిన పేరే. మరమగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుండి వెళ్లిన కుటుంబాలు డిండోలి, లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడినవి. సమీపంలోనే పాండేసరా పారిశ్రామికవాడ, అందులో అద్దకపు మిల్లులు ఉన్నవి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సూరత్ పారిశ్రామిక ప్రాంతంలో పైపొర 15 సెంటీమీటర్ల మట్టిని పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. కిలో మట్టికి సుమారు 305 మిల్లీగ్రాముల క్రోమియం, 137 మిల్లీగ్రాముల రాగి నమోదైనవి.

అయితే ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. దక్కను నల్లరాతి నుండి ఏర్పడిన నేలలో రాగి, క్రోమియం కొంత పుట్టుకతోనే ఉంటాయి. మన ఆదిలాబాదు, వికారాబాదు నల్లరేగళ్లకు కూడా ఆ శిలయే మూలం. పైగా సున్నపు పాలు, సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న నేల అనేక లోహాలను పట్టి ఉంచుతుంది; ఆమ్ల నేల వాటిని సులువుగా విడుదల చేస్తుంది. కనుక మట్టిలో ఎంత ఉన్నదనేది ఒక లెక్క, ప్రాణిలోనికి ఎంత చేరినదనేది వేరొక లెక్క. ఈ రెండవ లెక్కకు నత్త తోడ్పడుతుంది.

నత్తయే ఎందుకు?

నేల నత్త మట్టిని అంటిపెట్టుకొని ప్రాకుతుంది. ఆకులతో పాటు మట్టిని కూడా తింటుంది. తిండి ద్వారాను, మెత్తని పాదపు చర్మం ద్వారాను లోహాలు లోనికి ప్రవేశిస్తాయి. కాడ్మియం వంటి లోహాన్ని ప్రత్యేక మాంసకృత్తులు బంధించి జీర్ణగ్రంథిలో నిలువ చేస్తాయి. అందుచేత నత్త వెంటనే చావదు, లోహమూ త్వరగా బయటకు పోదు. నత్త ఎక్కువ దూరం పోదు గనుక దాని సాక్ష్యం ఆ చోటికే చెందుతుంది.

ఫ్రాన్సు తదితర ఐరోపా దేశాలలో ఈ పరీక్షకు తోట నత్తను వాడుతున్నారు. శుభ్రమైన చోట పెంచిన, ఒకే వయస్సు గల నత్తలను పొలంలో నేలమీద పంజరంలో 28 రోజులు ఉంచుతారు. పిదప వాటి శరీరంలోని లోహాలను కొలిచి, కాలుష్యం లేనిచోట ఉంచిన నత్తలతో పోల్చుతారు. ఈ పద్ధతికి 2021లో అంతర్జాతీయ ప్రమాణం కూడా ఏర్పడినది.

ఇది ప్రయోగశాలలవారు చేయవలసిన పని. రైతులు ఇందుకోసం నత్తలను పెంచరాదు. మన దేశంలో విస్తరించిన ఆఫ్రికా రాక్షస నత్త 1847లో కలకత్తాకు తెచ్చి విడిచిపెట్టినది. నేడు అది పంటలకు పెద్ద పీడ. దానిని వట్టి చేతులతో తాకరాదు.

రైతులు, డీలర్లు చేయదగినవి

1. భూసార కార్డులోని 12 అంశాలలో రాగి, జింకు ఉన్నవి గాని, అవి పోషకాలుగా చూసినవి. కాడ్మియం, సీసం, క్రోమియం అందులో లేవు. కర్మాగారాల చెంత భూమి కొనేముందు, రుణానికి దరఖాస్తు చేసేముందు వీటిని ప్రత్యేకంగా పరీక్ష చేయించుకోవాలి.

2. మిల్లుల కాలువ పూడికను ఎరువుగా తోలరాదు. ఆ నీటితో ఆకుకూరలు, పశుగ్రాసం పెంచరాదు.

3. పట్టణ కంపోస్టులో కిలోకు కాడ్మియం 5, సీసం 100 మిల్లీగ్రాములకు మించరాదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిర్దేశించినది. డీలర్లు విశ్లేషణ పత్రం చూసిన తరువాతనే సరుకు దింపుకోవాలి.

నేలలో ఒకసారి చేరిన లోహం ఎండకు ఆరదు, వానకు కరిగిపోదు. రుణ వాయిదా కొన్నేళ్లలో తీరుతుంది. ఆ నేల మాత్రం పిల్లలకు సంక్రమిస్తుంది. పరీక్షకయ్యే వ్యయాన్ని ఆ లెక్కలో చూడగలరు.